పైన వదిలిన జాగా

శుక్రవారం పొద్దున ఢిల్లీలోని నాగావళి హాస్టల్ నోటీసు బోర్డులో వార్డెన్ మేడమ్ ఉత్తర్వు కనిపించింది. సోమవారం నుంచి మెస్‌ను బయటి కంపెనీ నడుపుతుంది. ఇప్పుడున్న ఎనిమిదిమంది వంటవాళ్లకు ఆదివారంతో పని సరి. కింద ఇంకో వాక్యం: ‘నూట ముప్ఫై ఎనిమిదిమంది విద్యార్థినుల లిఖితపూర్వక సమ్మతితో.’ ఆ సమ్మతి ఎప్పుడిచ్చారో ఆ నూట ముప్ఫై ఎనిమిదిమందిలో ఒక్కరికీ గుర్తులేదు. మెస్ కంపెనీకి ఇవ్వమని వార్డెన్‌కు ఉత్తరం రాసింది హాస్టల్ ప్రెసిడెంటు అరుంధతి. ఆమెను దించాలని స్నిగ్ధ సభ పిలిచింది. ఉత్తరానికి జతచేసిన సంతకాల కాగితాన్ని ఎలాగో ఫోన్లో ఫొటో తీసుకొచ్చి అందరికీ చూపింది. ఆ ఫొటోను మాణిక్యాంబ మెట్ల మీదే ఆగి వేళ్లతో పెద్దది చేసి చూసింది. నలభై ఒకటో సంతకం నుంచి సిరా రంగు మారింది. నీలం పోయి ఆకుపచ్చ వచ్చింది. ఆ పెన్ను మార్చింది తనే. ఆ కాగితం పట్టుకుని గది గదికీ తిరిగిందీ తనే.

ఆదివారం మధ్యాహ్నం మూడు గంటలకు సభ.

నాగావళిలో ఒక రివాజు ఉంది. ప్రెసిడెంటు మీదే తీర్మానం వచ్చినప్పుడు సభ నడిపే కుర్చీ ప్రెసిడెంటుకు ఇవ్వరు, సీనియర్లకూ ఇవ్వరు. హాస్టల్ రిజిస్టరులో ఆఖరు పేరు ఎవరిదో వాళ్లకిస్తారు. ఆఖరున వచ్చిన పిల్లకు ఎవరితోనూ మొహమాటం ఉండదని, ఈ పద్ధతి పెట్టినవాళ్ల ఆలోచన.

ఆ ఆఖరు పేరు మాణిక్యాంబది. మార్కాపురం అవతల పలకల రాయి తవ్వే ఊరు. బీఏ మొదటి ఏడు. నాయనమ్మ పేరు పెట్టారు. ఢిల్లీ పిల్లలు మాణిక్ అని పిలుస్తారు. అది ఇక్కడ మగపిల్లల పేరని తెలిసినా పలికేస్తుంది. హాస్టల్లో సీటు రాక క్యాంపస్ బయట మునిర్కాలో కిటికీ లేని గదిలో ముగ్గురితో సర్దుకుంటున్న ఈ పిల్లను అరుంధతి ఒకనాడు చూసి, పెట్టె తన చేత్తో మోసుకొచ్చి, తన గదిలో రెండో పరుపు వేసింది. ఐదు నెలలు ఉంచుకుంది. ఫిబ్రవరిలో సీటు వచ్చేదాకా. ఆదివారాలు ఆర్మీ కంటోన్మెంటులో తన అమ్మానాన్నల క్వార్టర్‌కు తీసుకెళ్లి అన్నం పెట్టించింది.

మొహమాటం ఉండకూడని కుర్చీలో నిలువెల్లా మొహమాటమే కూర్చుంది.

మెస్ హాలు నిండిపోయింది. బల్లలు గోడవారకు జరిపారు. పిల్లలు నేలమీద కూర్చున్నారు. మధ్యాహ్నం తిన్న కోడికూర వాసన ఇంకా పోలేదు. నాలుగు ఫ్యాన్లలో రెండే తిరుగుతున్నాయి, వాటి కింద జాగా కోసం ముందే వచ్చినవాళ్లు ముందే అలసిపోయారు. తలుపు దగ్గర చెప్పుల గుట్ట. వడ్డించే కౌంటరు అవతల వంటవాళ్లు ఎనిమిదిమంది వరసగా నిలబడ్డారు. వాళ్లలో పెద్దది చమేలీ దీదీ గరిటె తుడుస్తోంది. ఆ గరిటె ఎప్పుడో పొడిగా అయిపోయింది. అయినా తుడుస్తోంది.

అరుంధతి మంచినీళ్ల గ్లాసు పట్టుకుని వచ్చింది. పొడుగు మనిషి. నడకలో కంటోన్మెంటు ఉంది, కాలు పడితే నేలకు తెలుస్తుంది. గ్లాసు మాణిక్యాంబ ముందు పెట్టి వంగింది.

“ఏటి మణీ, అంచునే కూర్చున్నావ్? నీకేటి భయం? నువ్వు కుర్చీలో ఉన్నావ్, నాకింక టెన్షనే లేదు.”

“అక్కా, ఆ కాగితం...”

“అరే, ఆ మాట ఇక్కడెందుకు? ఎవరూ అడగరు. గంటలో తేలిపోద్ది. సాయంత్రం నాన్న రమ్మన్నారు. అమ్మ చేపలు తెప్పించింది, ఇద్దరం వెళ్దాం.”

మాణిక్యాంబ గ్లాసు వంక చూసింది. తాగలేదు.

సభ హిందీలో నడిచింది, మధ్యమధ్య ఇంగ్లీషు. హాల్లో ఉన్న ముగ్గురు తెలుగువాళ్లు కోపం వచ్చినప్పుడు మాత్రం తెలుగులోకి జారేవాళ్లు. భాష తెలియకపోయినా ఆ కోపం అందరికీ తెలిసింది.

స్నిగ్ధ లేచింది. కరీంనగర్ పిల్ల, పీహెచ్‌డీ మూడో ఏడు. సన్నటి మనిషి, లావుపాటి కళ్లద్దాలు. కిందటేడు ఎన్నికలో అరుంధతి చేతిలో పంతొమ్మిది ఓట్లతో ఓడింది. ఆ సంగతి అందరికీ తెలుసని ఆమెకూ తెలుసు.

“ఓడిపోయిన కోపంతో మాట్లాడుతున్నా అనుకుంటారు. అనుకోండి. నేను అడిగేది మాత్రం వినండి. మనకు చెప్పకుండా మన పేరు మీద ఉత్తరం ఎలా వెళ్లింది? దానికింద మన సంతకాలు ఎలా వచ్చాయి? ఇంకో సంగతి. నిన్న వార్డెన్ మేడమ్‌ను కలిశాను. కంపెనీతో ఒప్పందం మీద సంతకాలు సోమవారం పదింటికట. ఈలోగా హాస్టల్ మొత్తం వద్దని రాసిస్తే ఆలోచిస్తానన్నారు. కాబట్టి ఈ సభ నాకోసం కాదు, ఈ గంట కోసం.”

కూర్చుంది. చప్పట్లు పడ్డాయి, కొద్దిగా.

అరుంధతి లేచి నిలబడింది. చేతులు వెనక్కి కట్టుకుంది. గొంతు పెంచలేదు.

“ప్రతి ఏడూ జూన్‌లో మెస్ మూసేస్తారు. పరీక్షలకు చదివేవాళ్లు ఎక్కడికి వెళ్తారు? పోయిన జూన్‌లో మన బీహార్ పూర్ణియా పిల్ల మునిర్కాలో గది తీసుకుంది. హీటరు మీద నూడుల్స్ ఉడకేసుకుని నెల బతికింది. కామెర్లు వచ్చాయి, పరీక్ష పోయింది. మునిర్కా గది ఎలా ఉంటుందో, ఇదిగో కుర్చీలో కూర్చున్న మాణిక్‌ని అడగండి.”

తలలన్నీ కుర్చీ వైపు తిరిగాయి. మాణిక్యాంబ తల వంచలేదు, ఊపలేదు.

“వేసవిలో మెస్ తెరవాలని మూడేళ్లుగా ఈ హాల్లోనే సభలు పెట్టారు. ఎన్ని? పదకొండు. నేను మినిట్స్ బుక్ చదివాను. పదకొండు సభలు, పదకొండు తీర్మానాలు. ఒక్క రోజన్నా పొయ్యి వెలిగిందా? కంపెనీ పన్నెండు నెలలూ నడుపుతానంది. నేను ఒక్క ఉత్తరం రాశాను. పనయింది.”

ఈసారి చప్పట్లు హాలు మధ్యలో మొదలై అంచుల దాకా పాకాయి. అరుంధతి మొహంలో వెలుగు వచ్చింది.

“మా నాన్న సుబేదార్ అప్పారావు. ఇంజనీర్స్ యూనిట్. వాగు మీద వంతెన వేసేటప్పుడు ఎవరూ జవాన్ల ఓట్లు లెక్కపెట్టరు. ముందున్నవాడు నిర్ణయం తీసుకుంటాడు, మిగతావాళ్లు దాటతారు. లీడర్ అంటే అదీ.”

నవ్వులు, ఈలలు. స్నిగ్ధ కూర్చున్న చోటనుంచే తెలుగులో అంది:

“గిది వాగు గాదు అరుంధతీ. మేం నీ జవాన్లం గాదు.”

“తెలుగు మేడమ్‌లూ, హిందీలో కొట్టుకోండి, మాకూ మజా రావాలిగా!” అని వెనకనుంచి ఒక హర్యానా పిల్ల అరిచింది. హాలంతా నవ్వింది. స్నిగ్ధ అదే మాట హిందీలో చెప్పింది. ఈసారి ఎవరూ నవ్వలేదు.

“సంతకాలు ఎలా వచ్చాయి? అదొక్కటే చెప్పు.”

“పిల్లలే పెట్టారు. ఎవరి చెయ్యన్నా పట్టుకుని పెట్టించానా?”

“అక్కడ ఉన్నది నా సంతకమే,” అంది రెండో అంతస్తు పిల్ల ఒకతి. “కానీ ఎప్పుడు పెట్టానో నాకే తెలీదు.”

“నీ చేతిలో పళ్లెం ఉంటే ఢిల్లీనైనా రాసిచ్చేస్తావు,” అంది పక్కది.

నవ్వులాటకు అన్నా అది నిజమే. నాగావళిలో ప్రతి బుధవారం, పళ్లేలు గదులకు తెచ్చుకుని తినే వేళ, ఒక తెల్లకాగితం తిరుగుతుంది. ఆదివారం స్పెషల్ ఎవరికి కావాలో వాళ్లు సంతకం పెట్టాలి, దాన్నిబట్టి చమేలీ దీదీ కోళ్లూ పనీరూ తెప్పిస్తుంది. ఏళ్ల తరబడి తిరుగుతున్న కాగితం కాబట్టి పైన హెడ్డింగ్ రాయాలని ఎవరికీ తోచదు. బుధవారం కాగితం వచ్చిందంటే కూరకే. ఒక చేత్తో పళ్లెం, ఒక చేత్తో పెన్ను. చదివేదేముంది అందులో?

మాణిక్యాంబ అరుంధతి చేతుల్ని చూస్తోంది. వెనక్కి కట్టుకున్న చేతుల్లో వేళ్లు ఆగడం లేదు. తాళాల గుత్తిలో చిన్న చెవి ఒకదాన్ని తిప్పుతున్నాయి. నోటీసు బోర్డు అద్దానికి వేసే తాళంచెవి అది. ప్రెసిడెంటు దగ్గరే ఉంటుంది. మాట గట్టిగానే ఉంది. ఆ చెవి మాత్రం తిరుగుతూనే ఉంది.

రెండు బుధవారాల కింద ఆ కాగితం చేతికిస్తూ అరుంధతి అన్నమాట మాణిక్యాంబకు ఇప్పుడు విన్నంత స్పష్టంగా వినిపించింది. “పైన కొంచెం జాగా వదిలి మొదలెట్టు మణీ.” తను నాలుగు వేళ్లు ఆనించి, అంత వదిలి, కింద గీత గీసింది. ఎందుకక్కా అని నాలిక చివరిదాకా వచ్చింది. అడగలేదు.

చెంచా తీసి గ్లాసు మీద కొట్టింది. చప్పుడు చిన్నదే. అయినా ఆ కుర్చీలోంచి మొదటిసారి వచ్చిన చప్పుడు కాబట్టి హాలు ఆగింది.

“స్నిగ్ధ దీదీ, మీకు రూల్సన్నీ తెలుసు కదా. కుర్చీలో ఉన్నవాళ్లు ప్రశ్న అడగొచ్చా?”

తొమ్మిది నెలల్లో నేర్చిన హిందీ. ఒక్కో మాట చూసి చూసి పెట్టింది, తడిగట్టు మీద నడిచినట్టు.

“అడగొచ్చు. జవాబు చెప్పకూడదు.”

“జవాబు కూడా నా దగ్గరే ఉంటే?”

స్నిగ్ధ కళ్లద్దాలు సరిచేసుకుంది. ఇది ఆమె లెక్కలో లేదు. “అప్పుడు కుర్చీ దిగి చెప్పాలి.”

“సరే. ముందు అడుగుతాను. అరుంధతి దీదీ, ఈ సంతకాల కాగితం పైన నాలుగు వేళ్ల జాగా ఎందుకు వదలమన్నావు?”

అరుంధతి వేళ్లు ఆగిపోయాయి.

“మణీ,” అంది తెలుగులో, మెల్లగా. “ఇక్కడొద్దు. నాతో విడిగా మాట్లాడు.”

“విడిగా అడగాల్సింది ఆ రోజక్కా. అడగలా. ఇప్పుడిక్కడే.”

మాణిక్యాంబ కుర్చీ దిగింది. చెప్పులు లేవు. మూడడుగులు నడిచి అందరితో పాటు నేలమీద నిలబడింది.

“పన్నెండో తేదీ బుధవారం ఈ కాగితం తిప్పింది నేను. ప్రతి గదిలో సండే స్పెషల్ అని చెప్పాను. మీరు పెట్టారు. రెండో అంతస్తుకు వచ్చేసరికి నా పెన్ను అయిపోయింది. రెండొందల పన్నెండులో ఆకుపచ్చ పెన్ను అడిగి తీసుకున్నాను...”

“హాఁ! ఆ పెన్ను నాదే! ఇంతవరకు తిరిగివ్వలేదు!” ఎవరో ఎగిరి లేచింది.

“నా దగ్గరే ఉంది. ఇస్తాను. నలభై ఒకటి నుంచి ఆకుపచ్చ. ఫొటోలో చూడండి. మీరు సంతకం పెట్టింది కోడికూరకూ పనీరుకూ. పైన నేను వదిలిన జాగాలో సమ్మతి అన్న హెడ్డింగ్ తర్వాత వచ్చింది.”

కందిరీగల తుట్టె కదిలినట్టయింది. నలుగురైదుగురు ఒకేసారి లేచారు. “చమ్చీ!” అని ఒక గొంతు, తొత్తు అన్నట్టు, వెనకనుంచి విసిరింది. “ఆవిడ గదిలో పడుకుని ఆవిడ పనులే చేసింది!”

మాణిక్యాంబ ఆ గొంతు వచ్చిన వైపు తిరిగింది.

“అవును. ఆ బుధవారం నేను చమ్చీనే. ఎందుకు అని అడగాలని తట్టింది. మా అక్క చెప్పింది కదా అని ఊరుకున్నాను. అది నా తప్పు. రాసుకోండి.”

వెనక్కి నడిచి కుర్చీలో కూర్చుంది.

“సభ నడుస్తోంది. నిలబడ్డవాళ్లు కూర్చోండి.”

కూర్చున్నారు. తను చెబితే నూటపాతికమంది కూర్చుంటారని అంతకుముందు ఆ పిల్లకు తెలియదు. ఇప్పుడు తెలిసింది. అయినా ఆ సంగతి మొహంలోకి రానివ్వలేదు.

కౌంటరు అవతలనుంచి చమేలీ దీదీ గొంతు సవరించుకుంది. “బిటియా, మై కుఛ్ బోలూ?” అని మాట్లాడేందుకు అనుమతి అడిగింది.

స్నిగ్ధే అడ్డుచెప్పింది. “రూల్ ప్రకారం సభలో హాస్టల్ పిల్లలే మాట్లాడాలి.”

“వంటవాళ్లు మాట్లాడకూడదని రూల్లో ఉందా దీదీ?”

“... అలా రాసి లేదు.”

“అయితే చెప్పు చమేలీ దీదీ.”

చమేలీ దీదీ గరిటె పక్కన పెట్టింది. పెట్టాక చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

“ఇరవై రెండేళ్లయింది. ఏ గది పిల్ల వంకాయ తినదో చెప్పగలను. పరీక్షల్లో ఎవరికి వాంతులవుతాయో చెప్పగలను. వేసవిలో వండమని మమ్మల్ని ఒక్కరూ అడగలేదు. సెలవులని పైనుంచి తాళం వేస్తారు, మేం ఇంటికి పోతాం. అడిగితే వండేవాళ్లం. నా పని పోయిందని, నోటీసు బోర్డు ఫొటో తీసి పంపితే మా అమ్మాయి ఫోన్లో చదివి చెప్పింది. అంతే.”

గరిటె మళ్లీ తీసుకుంది.

అరుంధతి కౌంటరు వైపు చూడకుండా కిటికీ వైపు చూస్తోంది. ఆమె ఇంకా నిటారుగానే ఉంది. తనకు ఒకటే ప్రశ్న మిగిలిందని మాణిక్యాంబకు తెలుసు. అది అడగడానికి ఆ ఇంటి అన్నం అడ్డొచ్చింది. ఆ అన్నమే అడిగించింది కూడా.

“దీదీ, ఇందాక అంకుల్ మాట చెప్పావు. ఆదివారం మీ ఇంట్లో అంకుల్ ఎప్పుడు తింటారు?”

అరుంధతి చప్పున తిరిగింది.

కంటోన్మెంటు క్వార్టర్‌లో ఆదివారం పంక్తి ఇద్దరికీ కళ్లముందుకొచ్చింది. యూనిట్ నుంచి వచ్చిన ఇద్దరు ముగ్గురు జవాన్లు, పిల్లలు, ఇరుగుపొరుగు. సుబేదార్ అప్పారావు కూర్చోడు. అందరి వెనకా మెల్లగా నడుస్తూ ఒక్కొక్క పళ్లెంలోకీ చూస్తాడు. మీరు ముందు తినొచ్చుగా అంకుల్ అని మాణిక్యాంబ ఒకసారి అడిగింది. బొబ్బిలి యాస ఇరవై ఎనిమిదేళ్ల సర్వీసులోనూ పోని ఆ మనిషి నవ్వాడు. “తినొచ్చమ్మా. నాను తినేస్తే ఎవుడికి కూర అందనేదో నాకు తెల్దు గదా?” అరుంధతి అప్పుడు పక్కనే చేప ముళ్లు తీసుకుంటోంది. పుట్టినప్పటినుంచీ చూస్తున్నది కాబట్టి అటు చూడలేదు.

“అందరూ తిన్నాక,” అంది అరుంధతి ఇప్పుడు.

ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. అర్థం కావలసినవాళ్లకు అయింది.

అరుంధతి వెనక్కి కట్టిన చేతులు విప్పింది.

“హెడ్డింగ్ నేనే రాశాను. గురువారం పొద్దున, కూర లెక్క చమేలీ దీదీకి చెప్పేశాక, ఇదే హాల్లో, టీ తాగుతూ. అడిగితే మీరు ఒప్పుకోరని కాదు. అడిగితే ఇంకో పదకొండు సభలవుతాయని. వేసవిలో మెస్ తెరవాలన్న మాట మీద ఇప్పటికీ నిలబడతాను, అది తప్పని ఎవరన్నా ఒప్పుకోను. మీ సంతకాలు మీకు చెప్పకుండా వాడుకున్నాను. చమేలీ దీదీ వాళ్లు ఎనిమిదిమంది ఉన్నారని ఆ రోజు నాకు గుర్తే రాలేదు. అది తప్పు. పెద్ద తప్పు.” గుత్తిలోంచి చిన్న తాళంచెవి విడదీసింది. గోరు విరిగింది గానీ ఆగలేదు. తెచ్చి మాణిక్యాంబ ముందు బల్లమీద పెట్టింది. “ఇంక ఓట్లెందుకు? నేనే దిగిపోతున్నాను.”

“ఓట్లు పెట్టాల్సిందే అక్కా,” అంది మాణిక్యాంబ. తర్వాత అందరికీ వినిపించేలా హిందీలో చెప్పింది. “నువ్వు ఇవ్వడం వేరు, వీళ్లు తీసుకోవడం వేరు.”

చేతులు ఎత్తించింది. కుర్చీలోంచి లెక్కపెట్టలేదు. వరసల మధ్యకు దిగి, ఒక్కొక్క చెయ్యీ దగ్గరగా చూస్తూ, చివరికి వెళ్లి మళ్లీ మొదటినుంచి వచ్చింది. దించాలన్నవాళ్లు ఎనభై ఒకటి. ఉంచాలన్నవాళ్లు ముప్ఫై తొమ్మిది. ఎనభై ఒకటి అని పైకి చెప్పబోయి ఆగింది. గోడవారన, బల్ల పక్కన, ఇంకో చెయ్యి లేచి ఉంది. మోచేయి వంగలేదు, కవాతులో లేచినట్టు నిటారుగా.

“ఎనభై రెండు,” అంది.

అది అరుంధతి చెయ్యి.

కొత్త ఎన్నిక జరిగేదాకా సభ నడిపినవాళ్ల దగ్గరే బోర్డు తాళంచెవీ ప్రెసిడెంటు పనీ ఉంటాయని కూడా ఆ రివాజులోనే ఉంది. స్నిగ్ధ ఆ నియమం తన నోటితోనే చదివి వినిపించాల్సి వచ్చింది. చదివి, పుస్తకం మూసి, గొణుక్కుంది. “గిది ఎవలన్న అనుకున్నరా? ఊరంత ఉరికి నేను సభ వెడితె తాళంచెవి నీ చేతుల వడ్డది.”

“తీసుకుంటావా దీదీ? ఇస్తా.”

స్నిగ్ధ ఆ పిల్లను పైనుంచి కిందికి చూసింది. వెక్కిరింపు కాదని తేల్చుకుంది. “వద్దు తియ్. ముందుగాల కాగితం రాయి. టైం ఐతున్నది.”

తెల్లకాగితం తెచ్చారు. మాణిక్యాంబ పైన జాగా వదల్లేదు. అంచు నుంచే హెడ్డింగ్ మొదలుపెట్టింది. పలకల ఊరి పిల్ల, రాత గుండ్రంగా ఉంటుంది. వంటవాళ్లను తీసేయొద్దని రాయమంది స్నిగ్ధ. వేసవి మాట వదలొద్దంది గోడవార నుంచి అరుంధతి. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. మాణిక్యాంబ రెండూ రాసింది. పాత సంతకాలు కూరకోసం పెట్టినవి, ఈ ఉత్తరానికి కాదు. ఎనిమిదిమందీ పనిలో ఉండాలి. ఆ ఎనిమిదిమందితోనే, వాళ్లనడిగి, వేసవిలో మెస్ తెరవాలి. రాసింది పైకి చదివింది. అర్థం కాలేదన్నవాళ్ల కోసం మళ్లీ చదివింది. కౌంటరు వైపు తిరిగి మూడోసారి చదివింది.

“ఒక్క పదం అర్థం కాకపోయినా పెన్ను ముట్టుకోవద్దు.”

పెన్ను ఆకుపచ్చది. రెండొందల పన్నెండు గది పిల్ల దాన్ని తిరిగి పుచ్చుకుని, కాస్త ఆలోచించి, మళ్లీ బల్లమీదే పెట్టింది. మొదటి సంతకం స్నిగ్ధది. రెండోదానికి అరుంధతి వచ్చింది. వంగి, వేలు ఆనించి, పైనుంచి కిందిదాకా ప్రతి వాక్యం చదివింది. తర్వాత పెట్టింది. వెనక వరస కట్టారు. ఒక్కరి చేతిలోనూ పళ్లెం లేదు. అందరూ చదువుతున్నారు కాబట్టి వరస నత్తలా కదులుతోంది.

పంతొమ్మిదో సంతకం దగ్గర వంటింటి వెనక లారీ హారన్ మోగింది.

చమేలీ దీదీ కిటికీలోంచి తొంగిచూసి వచ్చింది. “బిటియా, కంపెనీ గాడీ. బడే బడే పతీలే ఉతార్ రహే హై. పీఛే మేడమ్ కీ కార్ భీ.” కంపెనీ లారీలోంచి పెద్ద పెద్ద గిన్నెలు దింపుతున్నారట, వెనకే మేడమ్ కారు.

ఒప్పందం మీద సంతకాలు సోమవారం పదింటికని వార్డెన్ మేడమ్ చెప్పింది. ఇవాళ ఆదివారం. గోడ గడియారంలో నాలుగుంపావు. కాగితం మీద పంతొమ్మిది పేర్లు.

అలవాటు కొద్దీ హాలంతా అరుంధతి వైపు చూసింది. అరుంధతి కాలు ఒక అడుగు ముందుకు పడింది కూడా. అక్కడే ఆపుకుంది. మాణిక్యాంబ వైపు చూసింది.

మాణిక్యాంబ కాగితం తీసుకుంది. మడవలేదు. తాళంచెవి గుప్పిట్లో పెట్టుకుంది. ముందు తలుపు వైపు కాకుండా కౌంటరు పలక ఎత్తి వంటింట్లోకి నడిచింది. హాస్టల్ పిల్లలు ఆ గీత దాటడం అంతకుముందెన్నడూ ఎవరూ చూడలేదు. ఎనిమిదిమందీ పక్కకు జరిగి దారిచ్చారు. పొయ్యిల మధ్యనుంచి వెనక తలుపు తీసేసరికి ఏప్రిల్ ఎండ మొహాన కొట్టింది. వెనక, హాలు తలుపు దగ్గర, చెప్పుల గుట్టలో ఎవరి జత వాళ్లు వెతుక్కుంటున్న సందడి. ఎంతమంది వస్తున్నారో తిరిగి చూడలేదు.

గేటు బార్లా తెరిచి ఉంది. లారీ ఇంజను ఆపలేదు. నిలువెత్తు స్టీలు గిన్నె ఒకటి అప్పటికే నేలమీద ఉంది, ఎండ దానిమీద పడి కళ్లు చెదురుతోంది. తెల్లకారు దిగిన వార్డెన్ మేడమ్ ఈ చెప్పుల్లేని పిల్లను చూసి చెయ్యి అడ్డం పెట్టింది.

“నువ్వెవరు? పక్కకు జరుగు. నేను ప్రెసిడెంటుతోనే మాట్లాడతాను. అరుంధతి ఎక్కడ?”

డ్రైవరు గేరు మార్చాడు. లారీ వెనక్కి, వంటింటి తలుపు వైపు కదలడం మొదలుపెట్టింది.

మాణిక్యాంబ దాని దారిలోనే నిలబడి కాగితం రెండు చేతులతో ముందుకు చాపింది.

“ముందు హెడ్డింగ్ చదవండి మేడమ్.”